చూపు లేని పిల్లలు – బంతియాట

అష్టాచెమ్మ, వామనగుంటలు తప్ప వేరొక యాట నెరుగని మేము క్రికెట్టును గూర్చి వ్రాయబూనుట చూచి మా యింటివారు నవ్విరి. వారు ఉపాధ్యాయులు. సాయంకాలములందు పాఠశాల మైదానమున పిల్లలచే ఆ యాట నాడించుచుందురు. అన్నము చల్లారుచున్నదని కబురంపుటయే గాని, ఆ యాట యెట్టిదో, అందు గెలుపోటము లెట్లు కలుగునో మేమెన్నడును అడిగినవారము కాము. అట్టి మాకు ఈ యాటతో పని గలిగినది ఒక పిల్ల మూలమున. ఆ పిల్ల విషయమున మేము చేసిన తప్పొకటి కలదు. దానిని దాచి యాటను మాత్రము వర్ణించినచో వ్రాత సగమే యగును గనుక రెండును చెప్పుదుము.

ఆ పిల్ల మా చిన్న యాడపడుచు కూతురు. ఏలూరి నుండి కైకలూరు పోవు బాట చేరువను, కొల్లేటి నడుమ, ఒక లంక గ్రామమున వారి కాపురము. వానలు ముదిరి బుడమేరు, తమ్మిలేరు పొంగినప్పుడు ఆ బాట నీట మునుగును. అప్పుడు దోనెలే గతి. ఇంటి చుట్టును చేపల చెరువులు, రొయ్యల చెరువులు. శీలావతి, బొచ్చె పెంచి లారీల కెత్తుట వారి జీవనము. పిల్లకిప్పుడు పండ్రెండేండ్లు. దాని యారవ యేట, సందెవేళ దీపము పెట్టునప్పటికి గడప తట్టుకొని పడుట మొదలిడెను. పగలు చక్కగనే తిరుగును. చీకటి పడగానే గోడ పట్టుకొని నడచును. రేచీకటి యనుకొంటిమి. మా అత్తగారు మునగాకు వండి పెట్టించిరి. ఒకరు పొన్నగంటికూర యనిరి, ఒకరు మేక కార్జమనిరి. ఆరునెలలు గడచినవి.

ఆకుకూరలు మంచివే. విటమిను లోపము చేత వచ్చిన రేచీకటి తగిన యాహారముతోను వైద్యుల మందుతోను కుదురును. దీనిది ఆ జాతి కాదు. విజయవాడలో కంటి వైద్యులు చూచి రెటినైటిస్ పిగ్మెంటోసా యను పేరు చెప్పిరి. కంటి లోపలి పొర క్రమక్రమముగా క్షీణించు వ్యాధి యది. మొదట రాత్రి చూపు పోవును. తరువాత ప్రక్కల చూపు తగ్గి, గొట్టము గుండ చూచినట్లు నడిమి చూపు మాత్రము మిగులును. కాలము గడచుకొలది అదియు సన్నగిల్లవచ్చును. వంశమున వచ్చునది, తల్లిదండ్రులు దగ్గరి రక్తబంధువులైనచో ఇట్టివి పిల్లలకు సంక్రమించుట కెక్కువ యవకాశము కలదని చెప్పి, “మీది మేనరికమా?” యని వారడిగిరి. మేనరికమే. పిల్ల కండ్లయెదుటనే యుండును, పొలము చేయి దాటిపోదు, అని ఆ సంబంధమును మెచ్చుకొన్నవారిలో మేమును ఒకరము. ఆ దినమున వైద్యుల గదిలో మా యాడపడుచు మా వంక చూడలేదు. మేమును ఆమె వంక చూడలేకపోయితిమి.

ఊరి బడిలో అయిదవ తరగతి వరకు చదివినది. నల్లబల్ల మీది అక్షరములు కానరాకున్నను, ప్రక్క పిల్లలు చదువగా విని నేర్చుకొనెడిది. ఆరవ తరగతికి పోవలెనన్న రెండు చెరువుల గట్లు దాటవలెను. అప్పుడు మా యాడపడుచు మా యింటికి వచ్చి, “వదినా, మీరు చదువుకున్నవారు. అన్నయ్య మాస్టారు. ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి,” అని కూర్చున్నది. మా యింటివారు, “బడి మాన్పించవద్దు, వేరే దారి చూతము,” అనిరి. మేము ఆ మాట సాగనీయక, “గట్ల మీద నడిపించి నీళ్ళపాలు చేసుకుంటావా అమ్మాయీ? ఇంటిపట్టున ఉండనీ. వచ్చినప్పుడల్లా పద్యాలు నోటికి చెబుతాం,” అంటిమి. ఆమెకు కావలసినదియు ఆ మాటయే. కండ్లు తుడుచుకొని లేచి పోయినది. మంచి సలహా చెప్పితిమని ఆ రాత్రి మేము సుఖముగా నిద్రించితిమి.

చిన్ననాట మా తండ్రిగారు మాకు రామాయణము చెప్పునప్పుడు, కన్నులు లేని తల్లిదండ్రులను కావడిలో మోసిన శ్రవణకుమారుని కథ వచ్చినపుడెల్ల మేమేడ్చెడివారము. చూపులేనివారిని ప్రేమించుట యనగా మోయుట యని అప్పుడే మా మనస్సున నాటుకొన్నది. ఆ పిల్లకు మేము చేసినది అదియే. అన్నము కలిపి యిచ్చితిమి, నీళ్ళు తోడి పోసితిమి, జడ వేసితిమి, గడప దాటునపుడు చేయి పట్టుకొంటిమి. శతకములలో మూడు నోటికి వచ్చునట్లు చేసితిమి. శ్రవణుని తల్లిదండ్రులు వృద్ధులు. ఇది యెదుగవలసిన పిల్ల యని తోచలేదు. కావడిలో నున్నవారి కాళ్ళు ఏమగునో ఆ కథలో లేదు, మేము విచారింపనులేదు.

రెండేండ్లు అట్లు గడచినవి. పిల్ల అరుగు మీద కూర్చుండి వినుటయే పనిగా పెట్టుకొన్నది. గడవేయు శబ్దమును బట్టి వచ్చు దోనె యెవరిదో చెప్పును. తలపై పోవునది గూడబాతుల గుంపో కొంగల గుంపో రెక్కల చప్పుడున గ్రహించును. ఒకనాటి రాత్రి రెండవ జామున లేచి తండ్రిని కుదిపి, “నాన్నా, చెరువులో చక్రం ఆగిపోయింది,” అన్నదట. రొయ్యల చెరువులలో నీటికి గాలి యెక్కించు ఏరేటరు యంత్రము లుండును. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గును. అవి ఆగినచో తెల్లవారునప్పటికి పంట యంతయు వెల్లకిల బడును. నాలుగు యంత్రములు తిరుగుచుండగా అందొకటి ఆగుట కావలివానికి తెలియలేదు. ఇంటిలో పండుకొన్న పిల్లకు తెలిసినది. ఇది విని మేమందరము ఆశ్చర్యపడి, దానికి దిష్టి తీసితిమి. ఇంతటి వినికిడి గల పిల్లకు మనము చేయగలిగిన దేమైన కలదా యని మాత్రము ఎవ్వరమును ఆలోచింపలేదు.

2025 నవంబరు 23, ఆదివారము. ఆ వారమున తల్లియు పిల్లయు కంటి పరీక్షకై ఏలూరు వచ్చి మా యింట దిగియుండిరి. మరునాడు ఉదయమున మా యింటివారు పత్రిక చదువుచు, “ఇది వినండి,” అనిరి. చూపులేని స్త్రీల కొరకు ప్రపంచమున మొట్టమొదటిసారిగా జరిగిన ఇరువది ఓవరుల క్రికెట్టు ప్రపంచకప్పును, కొలంబో నగరమున నేపాళమును ఓడించి మన భారతజట్టు గెలిచినది. ఆరు దేశములు పాల్గొన్నవి. నేపాళము వారు 114 పరుగులు చేయగా, మనవారు పదుమూడవ ఓవరు ముగియకమునుపే, ఏడు వికెట్లు మిగులగా లక్ష్యము చేరిరి. జట్టు నాయకురాలు దీపిక; మడకశిర సమీపపు పల్లెలో పుట్టి కర్ణాటక పక్షమున ఆడుచున్న రైతుబిడ్డ. పసితనమున గోరు తగిలి కంటిచూపు పోయినదట. తుదిపోటీలో 42 పరుగులు చేసిన పాంగి కరుణకుమారి పాడేరు ప్రాంతపు గిరిజన బాలిక. విశాఖపట్టణమున అంధబాలికల వసతి పాఠశాలలో చదువుకొన్నది. ఒడిషా గిరిజన బాలిక ఫూలా సరేన్ 44 పరుగులతో కడవరకు నిలిచినది.

పిల్ల లేచి వచ్చి మా యింటివారి మోకాలు పట్టుకొని, “మళ్ళీ చదవండి మామయ్యా,” అన్నది. వారు మరల చదివిరి. మూడవమారు చదివించుకొన్న తరువాత మా వైపు తిరిగి, “అత్తయ్యా, బంతి కనబడకుండా ఎట్లా కొట్టారు?” అని అడిగినది. మాకు ఉత్తరము లేదు. తల్లి అందుకొని, “వాళ్ళకి కొంచెం కనబడుతుందేమోలే, నువ్వు పాలు తాగు,” అన్నది. పిల్ల పాలు త్రాగలేదు.

ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటకు మా యింటివారికి పదిదినములు పట్టినది. వారు తెలిసికొని మాకు బోధించిన దానిని సోదరీమణులకు తెలియునట్లు చెప్పెదము. బంతి తెల్లని గట్టి ప్లాస్టికుతో చేయబడును. లోపల చిన్న లోహపు గుండ్లుండును. పసిపిల్లల గిలక్కాయవలె కదలినంతసేపు గలగలలాడును. బంతి వేయువారు చేయి పైకెత్తి విసరరాదు. క్రిందినుండి నేలబారుగా విడువవలెను. బంతి పిచ్చు నడిమి గీతకు మునుపే నేలను తాకి దొర్లుచు రావలెను. వేయుటకు ముందు “రెడీ?” యని అడుగవలెను, బ్యాటు పట్టినవారు “యెస్” అన్న పిదప “ప్లే” యని పలికి బంతిని విడువవలెను. వికెట్లు లోహపువి, బంతి తగిలిన శబ్దము అందరికి వినవచ్చును.

జట్టున పదునొకండుగురు మూడు తరగతులవారుగా నుందురు. బొత్తిగా చూపు లేనివారు మొదటి తరగతి; కొద్ది బారల దూరమే కానవచ్చువారు రెండవ తరగతి; అంతకంటె కొంత మేలుగా కనబడువారు మూడవ తరగతి. మొదటివారు నలుగురైన తప్పక యుండవలెను. మూడవవారు నలుగురికి మించరాదు. బొత్తిగా చూపు లేని యాటకత్తె చేసిన ప్రతి పరుగును రెండుగా లెక్కింతురు. ఆమెకు బదులు పరుగెత్తుటకు వేరొకరి నిత్తురు. ఆమె మైదానమున నిలిచినప్పుడు బంతి ఒకమారు నేలబడి లేచిన పిదప పట్టుకొన్నను క్యాచిగా నొప్పుకొందురు. ఇది దయ కాదు, లెక్క. కొలది చూపు గలవారిని మాత్రమే చేర్చుకొని గెలువవచ్చునన్న దురాశకు తావు లేకుండ చేసిన యేర్పాటు. పంక్తిలో అందరికి వడ్డన సమముగా జరుగవలెనన్న, తినలేనివానికి మెత్తగా వండిపెట్టు ఇల్లాలికి ఈ న్యాయము సులువుగనే యర్థమగును.

ఈ యాట నిన్న నేడు పుట్టినది కాదు. 1922 లో ఆస్ట్రేలియా దేశపు మెల్‌బోర్న్ నగరమున, కర్మాగారమున పనిచేయు చూపులేని కూలీలిద్దరు ఒక రేకుడబ్బాలో రాళ్ళు వేసి, ఆ చప్పుడును బట్టి ఆడుట మొదలిడిరట. మన దేశమున చూపులేని బాలురు ఎవరికి వారు తమ పాఠశాలలలో ఆడుకొనుచుండిరి. జార్జి అబ్రహాము అను నతడు, పసితనముననే చూపు పోయినవాడు, డెహ్రాడూనులోని అంధుల విద్యాలయమున పిల్లలాడు ఉత్సాహమును చూచి, 1990 డిసెంబరులో ఢిల్లీలో దేశమంతటికి ఒక పోటీ యేర్పరచెను. 1996 లో ప్రపంచ అంధుల క్రికెట్టు మండలి ఢిల్లీలోనే వెలసినది. 1998 లో తొలి ప్రపంచకప్పును అక్కడనే జరిపిరి. దక్షిణాఫ్రికా గెలిచినది. బెంగుళూరులో 1997 లో మహాంతేశ్, నగేశ్ అను ఇద్దరు చూపులేని మిత్రులు సమర్థనము అను ధర్మసంస్థను స్థాపించిరి. ఆ సంస్థ యండదండలతోనే భారత అంధుల క్రికెట్టు సంఘము పెరిగినది. నగేశ్ గతించినను, పురుషుల జాతీయ పోటీ అతని పేరనే జరుగుచున్నది.

పురుషులు 2012, 2017, 2022 సంవత్సరములలో ఇరువది ఓవరుల ప్రపంచకప్పును మూడుమార్లు గెలిచిరి. 2022 నాటి నాయకుడు ఇల్లూరి అజయకుమారరెడ్డి గుంటూరు జిల్లాలో పుట్టి, నరసరావుపేటలో అంధుల పాఠశాలలో చదివిన మన తెలుగువాడు. 2023 సంవత్సరపు అర్జున పురస్కారము ఆయనకు లభించినది. చూపులేని క్రికెట్టు ఆటగాని కది దక్కుట అదియే ప్రథమము. స్త్రీల జట్టు పరదేశములతో ఆడుట మొదలిడినది 2023 లో మాత్రమే. ఆ యేడే ఇంగ్లండులోని బర్మింగ్‌హామునందు జరిగిన అంధుల ప్రపంచ క్రీడలలో స్వర్ణపతకము తెచ్చినది. పురుషులకు స్త్రీలకు నడుమ ఇన్నేండ్ల యెడ మేల కలిగెనో మాకు తాడేపల్లిగూడెమున తెలిసినది.

మా యింటివారి వద్ద చదువుకొన్న యువకు డొకడు గూడెములో నుద్యోగము చేయుచు, మరి యిద్దరు మిత్రులతో కలిసి ఆదివారములందు ఒక పాఠశాల మైదానమున చూపులేని పిల్లలచే ఈ యాట నాడించుచున్నాడని తెలిసి, మేమందరమును ఒక ఆదివారము ప్యాసింజరు రైలెక్కితిమి. భీమడోలు, పుళ్ళ దాటువరకు మా యాడపడుచు మాటాడలేదు. పిల్ల కిటికీ వద్ద కూర్చుండి, వంతెన వచ్చిన ప్రతిమారు రైలు చప్పుడు మారుటను చెప్పుచుండెను.

మైదానమున ఎనిమిదిమంది పిల్లలుండిరి. అందు ఆడపిల్లలు ఇద్దరు. చూపులేని ఉపాధ్యాయిని యొకామె అరటిచెట్ల నీడను కూర్చుండి, పిల్లల పేర్లను చేతి యచ్చు లిపిలో వ్రాసికొనుచుండెను. మేము వెళ్లి ప్రక్కను కూర్చుంటిమి. ఆమె మాట సూటిగా నుండెను.

“బంతులు బెంగుళూరు నుంచి తెప్పించవచ్చునమ్మా. మైదానం అడిగితే ఇస్తారు. కుర్రవాళ్ళు ఆదివారం నిద్ర మానుకొని వస్తారు. ఆడపిల్లను పంపే తల్లి దొరకటమే కష్టం. మగపిల్లవాడినైతే ఆటో ఎక్కించి పంపుతారు. ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి ఎవరు తీసుకెళతారు, ఎక్కడ పడుకుంటుంది, స్నానాల గదికి తలుపు ఉందా, గడియ ఉందా, ఇవన్నీ అడుగుతారు. అడగటం తప్పు కాదు. నేనూ అడుగుతాను. అందుకే ఊరు దాటిస్తే తోడు ఒక ఆడమనిషి లేకుండా దాటించం. ప్రతి రాత్రీ పిల్ల చేత తల్లికి ఫోను చేయిస్తాం.”

ఆట నడిపించుట యనగా బంతి వేయించుట మాత్రమే యనుకొన్న మాకు, ఆమె చెప్పుచుండగా అసలు పని తెలిసివచ్చినది. ప్రతి పిల్లకు కంటివైద్యుని పరీక్ష చేయించి, ఏ తరగతికి చెందునో పత్రము పుట్టింపవలెను. మొదటి తరగతివారందరికి నల్లని కళ్ళజోళ్ళు పెట్టి, వెలుతురు సైతము తెలియకుండ సమము చేయవలెను. రైలుటిక్కెట్లు, భోజనము, పాదరక్షలు, గాయమునకు మందు, వచ్చిన చందాకు లెక్క. పరీక్షలున్న వారమున ఆట మాన్పింపవలెను. ఈ పనులు చేయువారి పేర్లు ఏ పత్రికయందును రావు. ఆ యువకుడు తన జీతమున కొంత ఆటోల బాడుగ కిచ్చుచున్నాడని మాకు ఆమె చెప్పినదే గాని అతడు చెప్పలేదు.

అంతలో మా పిల్లను పిలిచిరి. నల్లని కళ్ళజోడు పెట్టి, బ్యాటు చేతికిచ్చి, వంగి నిలుచుట నేర్పిరి. “రెడీ?” యని వినబడినది. మా పిల్ల గొంతు పెగలలేదు. రెండవమారు అడిగిరి. “యెస్” అన్నది. బంతి గలగలమనుచు వచ్చి, దాని ప్రక్కనుండి పోయినది. అట్లు ఆరు బంతులు పోయినవి. ఏడవ బంతికి మోకాలు నేలకాన్చి బ్యాటును అడ్డముగా త్రిప్పినది. ఠకామని తగిలినది. బంతి చప్పుడు దూరదూరముగా పోవుచుండగా పిల్ల తల యెత్తి, ఆ వైపే చెవి యొగ్గి నిలిచినది. ఇంటి అరుగు మీద దోనెల చప్పుడు వినునప్పుడు దాని ముఖ మట్లే యుండును. కాని నవ్వుట అప్పుడే చూచితిమి.

“పరుగెత్తు, పరుగెత్తు!” అని కేకలు వేసిరి. దానికి బదులు పరుగెత్తుటకు వేరొక పిల్లవా డుండెను. ఆ సంగతి మరచి ఇదియే పరుగెత్తినది. నాలుగడుగులు పోయి కాలు మడతపడి బోర్లపడినది. మేమును తల్లియు ఒక్క కేకతో లేచి పరుగెత్తితిమి. మేము మైదానపు గీత దాటునప్పటికి ఆ ఉపాధ్యాయిని, మా యడుగుల చప్పుడు విని కాబోలు, “అమ్మా, ఆగండి. ఎత్తవద్దు. దాన్ని లేవనివ్వండి,” అని గట్టిగా పిలిచెను.

మేము నిలిచితిమి. అంత కష్టమైన పని మేమింతవరకు చేసి యెరుగము. పిల్ల నేలను తడిమినది. బ్యాటును వెదకి పట్టుకొన్నది. దానిని ఊతగా చేసికొని లేచినది. మోకాలు చీరుకొని నెత్తురు కారుచుండెను. “ఎన్ని పరుగులు?” అని అడిగినది. “ఒకటి. నీకు రెండుగా లెక్క,” అని యెవరో అనిరి. తల్లి మా చేయి పట్టుకొని యుండెను; గోళ్ళు దిగునట్లు పట్టినదని తరువాత చూచుకొంటిమి.

తిరుగు రైలులో మాకు రామాయణమే మరల జ్ఞప్తికి వచ్చినది. ఆ కథలోనే, కుండ మునుగు చప్పుడు విని బాణము వేసిన దశరథుడు కలడు. చెవితో గురి చూచు ఆ విద్యను శబ్దవేధి యందురు. చూపుగల రాజు చీకటిలో ఆ విద్యను ప్రయోగించి, చూపులేనివారి కొడుకును చంపెను. విద్య యంతయు రాజునకు, కావడి మాత్రము అంధులకు చెందినట్లు మేమిన్నాళ్ళు చదివితిమి. చెవితో గురి చూచుట యెవరికి ఎక్కువ యవసరమో, ఎవరికి ఎక్కువ చేతనగునో ఆ దినమున మోకాలు చీరుకొన్న పిల్ల చూపినది.

ఇంటికి వచ్చిన పిదప తగవు కలుగకపోలేదు. మా యాడపడుచు, “ఆటలతో అన్నం వస్తుందా వదినా? రేపు దీన్ని ఎవరు చేసుకుంటారు?” అన్నది. తగిన ప్రశ్నయే. ఈ యాటకు గల యాదరణ, మన యింటింటను చూచు క్రికెట్టుకు గల యాదరణలో పదునారవ పాలైనను లేదు. ఆడిన ప్రతి పిల్లయు కొలంబో పోదు. ఆ మాట మేమామెకు దాచలేదు. కాని బ్యాటు పట్టిన పిల్ల బస్సెక్కుట నేర్చును. బస్సెక్కిన పిల్ల బడికి పోవును. కరుణకుమారి వసతి పాఠశాలలో చేరియుండనిచో ఆమె చేతికి ఆ బంతి వచ్చియుండెడిది కాదు. కప్పు గెలిచి వచ్చిన దీపిక ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రిని కలిసినప్పుడు కోరినది తన పల్లెకు బాట. బాట విలువ ఆ పిల్లకు తెలిసినట్లు మాకు తెలియదు. రెండు చెరువుల గట్లు చూచి బడి మాన్పించినవారము మేము.

అప్పుడు మేము, ఆమెతో మునుపెన్నడు అనని మాట అంటిమి: “అమ్మాయీ, అప్పుడు చెప్పిన సలహా తప్పు. నువ్వు అడిగినందుకు కాదు, చెప్పినందుకు తప్పు.” ఆమె చాలసేపు ఊరకుండి, “మీరు కాకపోతే ఇంకొకరు చెప్పేవారు వదినా. నాకూ అదే వినాలని ఉంది అప్పుడు,” అన్నది. మేనరికపు మాట ఇద్దరమును ఎత్తలేదు. అది ఇద్దరికిని తెలిసియే యున్నది.

సోదరీమణులకు మాకు తెలిసిన నాలుగు సంగతులు విన్నవించుకొందుము. సందెవేళ పిల్లలు తడబడుచున్నచో ఆకుకూర పెట్టుడు, కాని అంతటితో నూరకుండక ఆ వారముననే కంటివైద్యునికి చూపుడు. మేనరికము చేయదలచినవారు, వంశమున అట్టి వ్యాధి యున్నదేమో ముందుగ వైద్యుల నడుగుడు. ముహూర్తములు చూచు మనము ఇది చూచుటకు సిగ్గుపడ నక్కరలేదు. లోపమున్న పిల్లకు సదరం ధ్రువపత్రము తీసికొనుడు; అది లేనిదే ఏ సాయమును అందదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము, నలువదింట నూటికి తక్కువ కాని లోపము గల పిల్లలకు ఆరవ యేట నుండి పదునెనిమిదవ యేట వరకు ఉచిత విద్య హక్కు. ప్రభుత్వోద్యోగములలో నూటికి నాలుగు పాళ్ళు అట్టివారి కొరకు కేటాయింపబడినవి. మీ యూర నిట్టి యాట నాడించువారున్నచో పిల్లను పంపుడు. పిల్ల లేనివారు ఒక ఆదివారము తోడుగా పొండు. పిల్లలను రైలెక్కించుటకు నమ్మదగిన ఆడుమనిషి యొకతె దొరకిన చాలునని ఆ ఉపాధ్యాయిని మాతో అన్నది. నెలకొక ఆదివారము మేమా పని కొప్పుకొంటిమి.

వచ్చు విద్యాసంవత్సరమున పిల్లను అంధబాలికల వసతి పాఠశాలలో చేర్చుటకు తండ్రి సమ్మతించినాడు. తల్లి ఇంకను అవుననలేదు, కాదననులేదు. కాని మొన్న మేము లంకకు పోయినప్పుడు సందె చీకట్లు కమ్ముచుండెను. ఇంటిలోనుండి గలగల చప్పుడు వినవచ్చినది. చూడగా, నడవలో ఒక చివర పిల్ల నల్ల కళ్ళజోడు పెట్టుకొని బ్యాటుతో వంగి నిలిచియున్నది, రెండవ చివర మా యాడపడుచు కొంగు నడుమునకు బిగించి, బంతి చేత పట్టుకొని, “రెడీయా?” అని అడుగుచున్నది.